చొక్కా పట్టుకున్న ప్రభువు

యానాంలో కొంపెల్ల నరహరి శాస్త్రిగారు రాజనీతి చెప్పేవారు. పూర్వం పరాసు దొరల దగ్గర, అంటే ఫ్రెంచివాళ్ళ దగ్గర, దుబాసీగా పనిచేసి, ఆ దేశపు సంగతులు చాలా విన్న మనిషి. శిష్యుడు వాదానికి దిగితే ఆయన ఎదురు వాదించేవారు కారు. కాసేపు గోదావరి వైపు చూసి, ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

ఒకనాడు సాగి జగ్గరాజు అనే శిష్యుడు ఇలా అడిగాడు: "గురువుగారూ, పరాసు దేశంలో ఒకప్పుడు సీమకో కోట, కోటకో ప్రభువు ఉండేవారంటారు. రాజు మీదనే కత్తి దూసినవారట. అలాంటివాళ్ళందరినీ ఒక్క రాజు తలలు నరకకుండా ఎలా లొంగదీశాడండీ?"

అప్పుడు శాస్త్రిగారు బ్రువాక్ ప్రభువు సంగతి చెప్పారు.

ఆ దేశంలోనే దక్షిణాన, కొండల నడుమ బ్రువాక్ అనే సీమ ఉండేది. దాని ప్రభువు గిల్యోం మొండివాడు, మాట మీద నిలిచేవాడు. తెల్లవారితే కోట ముంగిట జనం చేరేవారు. గట్టు తగాదా, తప్పిపోయిన గొర్రె, అల్లుడు చేసిన అవమానం, ఏదైనా ఆయనే తీర్చాలి. వాళ్ళ గొడవలకు విసుక్కునేవాడు గాని, ఒక్క పూట ఎవరూ రాకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు.

రాజు ఆయన మీదికి సైన్యం పంపలేదు. రాజధాని అవతల కొత్తగా కట్టించిన మహాసౌధానికి రమ్మని ఆదరంగా కబురు పంపాడు. భార్య మదలేన్ వెళ్ళవద్దన్నది. వెళ్ళకపోతే భయపడ్డాడనుకుంటారని, కోతల నాటికి తిరిగి వస్తానని చెప్పి గిల్యోం బయలుదేరాడు.

ఆ సౌధం నిండా ప్రభువులే. పొద్దున రాజు బట్టలు తొడుక్కునే వేళ చొక్కా కుడి చెయ్యి పట్టుకోవడం ఒకరికి గౌరవం, ఎడమ చెయ్యి మరొకరికి. అది చూసి గిల్యోం మొదట నవ్వుకున్నాడు. చలికాలంలో ఒక ఉదయం రాజు ఆయన వైపు తల ఊపాడు. చొక్కా కుడి చెయ్యి అందుకుని నిలబడినప్పుడు వెనకవాళ్ళ అసూయ వీపుకు తగిలి, ఆయన ఒళ్ళు పులకరించింది. ఆ పైన కోతలు వచ్చాయి, వెళ్ళాయి. సొంత ఊరికి పోయినవాడి పేరు ఎవరైనా ఎత్తితే రాజు, అతను ఈమధ్య కంటపడలేదే అనేవాడు. ఆ మాటతో ఆ మనిషి పని అయిపోయినట్టే.

ఆ ఏడు బ్రువాక్‌లో వరద వచ్చి వంతెన కొట్టుకుపోయింది. మదలేన్ మనిషిని పంపింది. ఆ వారం చొక్కా పట్టుకునే వంతు తనది కనుక, పై వారం వస్తానన్నాడు. పై వారమూ వెళ్ళలేదు. ఈలోగా రాజుగారి అధికారి ఒకడు, పెద్ద వంశంవాడేమీ కాదు, వెళ్ళి వంతెన కట్టించాడు. తర్వాత పన్నుల వసూలు, తగాదాల తీర్పు, సిపాయిల భర్తీ అన్నీ అతని చేతికే పోయాయి. ఎవరూ కాదనలేదు. కాదనవలసిన మనిషి ఊళ్ళో లేడు.

ఎన్నో ఏళ్ళకు గిల్యోం ఇంటికి వచ్చాడు. మదలేన్ అతిథికి చేసినట్టు మర్యాదలు చేసింది. మర్నాడు పొద్దున్నే ఆయన కోట తలుపులు తీయించి, ముంగిట కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరూ రాలేదు. చివరికి ఒక ముసలమ్మ మెల్లగా లోపలికి వచ్చింది. గిల్యోం గబగబా లేచి, ఏం అన్యాయం జరిగిందో చెప్పమన్నాడు.

"అన్యాయమేం లేదయ్యా," అన్నదామె. "అధికారిగారి కచేరీకి దారి ఇదేనా?"

ఆమె ఆయనను గుర్తుపట్టలేదు. ఆయనే వీధి దాకా వచ్చి దారి చూపించాడు.

వారం తిరగకుండా సౌధానికి వెళ్ళిపోయాడు. అక్కడ చొక్కా కుడి చెయ్యి మరొకరు పట్టుకుని ఉన్నారు. గిల్యోం గోడ వారగా నిలబడ్డాడు. బతికినన్నాళ్ళూ అక్కడే నిలబడ్డాడట. పక్కవాళ్ళలో ప్రతివాడికీ ఎక్కడో ఒక బ్రువాక్ ఉండేది. ఆ మాట మాత్రం ఒకరితో ఒకరు అనుకునేవారు కారు.

అంతటివాడి సీమను రాజు లాక్కుంటూ ఉంటే, ఆయనకు తెలియకపోవడమేమిటని జగ్గరాజు అడిగాడు.

"లాక్కున్నదెక్కడ, నాయనా," అన్నారు శాస్త్రిగారు. "పిలిచాడు."