ముడి వేయనివాళ్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవి మొత్తానికి ఒకటే ఆస్పత్రి. అది వాగు ఒడ్డున, పెద్ద మద్దిచెట్టు కింద ఉండేది. వైద్యుడు గుబురయ్య అనే ఎలుగుబంటి. కట్లు కట్టడానికి, నీళ్లు తాగించడానికి నీలాలు అనే కొండముచ్చు ఉండేది.

నీలాలు గుంపు రెండేళ్ల కిందట పళ్లు వెతుక్కుంటూ కొండ అవతలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఒక ముసలి జింకకు జ్వరం ఎక్కువగా ఉంది. "ఈయనను వదిలి ఎలా రాను? మీరు నడవండి, రేపు వస్తాను" అంది నీలాలు. మర్నాడు ఇంకో రోగి వచ్చాడు. ఆ తర్వాత ఇంకొకరు. నీలాలు వెళ్లనే లేదు.

ఆస్పత్రిలో ఎప్పుడూ పదిమంది ఉండేవారు. అయినా ఆమెకు తోడు లేదు. నొప్పి ఉన్నంతసేపూ "నీలాలక్కా, నీలాలక్కా" అని పిలిచేవారు. తగ్గగానే వెళ్లిపోయేవారు. ఖాళీ అయిన గడ్డిపరుపు దులుపుతూ, 'ఇప్పుడు ఎలా ఉన్నాడో?' అనుకునేది నీలాలు. అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు.

గుబురయ్య మందు చెట్టు బంక. దాన్ని ఎండలో కరిగించి గాయం మీద పూసేవాడు. మూడో రోజుకు అది గట్టిపడి గాయం మూసుకునేది. రోగి నడుచుకుంటూ ఇంటికి వెళ్లేవాడు. పూర్తిగా నయమైనవాళ్లు మళ్లీ వచ్చి మద్దికొమ్మకు ఒక తీగ ముడి వేయాలి. అది అక్కడి ఆచారం.

వేసవి చివర ఒక రోజు గుబురయ్య ముడులు లెక్కపెట్టాడు.

"ముప్పై తొమ్మిది! అందరూ బాగైనవాళ్లే. బాగాలేదని ఒక్కడైనా వచ్చి చెప్పాడా?"

"లేదు, లేదు!" అన్నాయి కొమ్మల మీది కోతులు.

నీలాలు మెల్లగా అడిగింది. "వైద్యులుగారూ, మనం బంక పూసింది అరవై మందికి. మిగతా ఇరవై ఒక్కమంది ఏరీ?"

"బద్ధకం! ఒళ్లు బాగైతే మనం ఎవరికి గుర్తుంటాం?"

కావచ్చు అనుకుంది నీలాలు. తను మాత్రం ఎవరికి గుర్తుంది గనక? కానీ అది ఊహ. వెళ్లి చూసి చెప్పిన మాట కాదు.

అదే రోజు తురాయి అనే చెవులపిల్లిని తీసుకొచ్చారు. నక్క ఆమె తొడ మీద కరిచింది. పన్ను లోతుగా దిగింది. అంత నొప్పిలోనూ తురాయి కబుర్లు ఆపలేదు.

"అక్కా, కాసేపు కూర్చో. అందరి గోడూ నువ్వే వింటావు. నీ సంగతి చెప్పు. మీవాళ్లు ఎక్కడ?"

రెండేళ్లలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. నీలాలు కూర్చుంది.

మూడు రోజులు మబ్బు పట్టింది. బంక కరగలేదు. ఆ మూడు రోజులూ నీలాలు పొద్దున్నే కట్లు మార్చి, ముడి వేయనివాళ్లను వెతుక్కుంటూ రోజుకు ఏడు చోట్లకు వెళ్లింది.

మొదటి రోజు అడవికోడి కనిపించింది. రెక్క భేషుగ్గా ఉంది. "ముడి వేయాలనే అనుకున్నానక్కా! పిల్లలు ఊపిరాడనిస్తేనా?" అంది.

రెండో రోజు అడవిపంది కనిపించాడు. వెనక కాలు ఈడుస్తున్నాడు. "రాలేదేం?" అంటే తల దించుకున్నాడు. "కుంటుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడితే బాగుంటుందా? పెద్దాయన నొచ్చుకోడూ?"

మూడో రోజు వాగు దిగువన దుప్పి ఇంటికి వెళ్లింది. తల్లి ఒక్కతే ఉంది. "ఆరో రోజున పోయాడమ్మా. పైకి గాయం మూసుకునే ఉంది. లోపల చీము పట్టింది."

"అయ్యో, ఒక్క మాట చెప్పి పంపలేదేం?"

"ఏమని చెప్పనమ్మా? బాగైనవాళ్లు కదా రావాల్సింది."

ఆ ఇరవై ఒక్కమందిలో పదకొండుమంది క్షేమం. నలుగురు కుంటివాళ్లయ్యారు. ఆరుగురు లేరు. తిరిగి వస్తూ నీలాలు ఒక్కో గాయాన్నీ గుర్తు చేసుకుంది. గీరుకుపోయిన గాయాలన్నీ బంకతో మానాయి. పన్నో కొమ్మో లోతుగా దిగినవి మొత్తం పన్నెండు. వాటిలో మానినవి రెండే.

నాలుగో రోజు ఎండ వచ్చింది. గుబురయ్య కరిగిన బంక పట్టుకుని తురాయి దగ్గరికి వచ్చాడు.

ఊరుకుంటే నీలాలుకు ఈ చోటు మిగులుతుంది. మాట్లాడితే ఎక్కడికి పోవాలి? తన గుంపు ఏ కొండ మీద ఉందో కూడా తెలియదు. ఆమె తురాయి గాయం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. చూసినదంతా చెప్పింది.

గుబురయ్య ముఖం నల్లబడింది. "నా దగ్గర పని చేస్తూ నాకే వంక పెడతావా?"

"గుంపు వదిలేసింది, ఇక ఆస్పత్రీ వదిలేస్తుంది! పో, మసిమూతీ!" అన్నాయి కోతులు.

"పొమ్మంటే పోతాను. పూసే ముందు మీరు ఒక్కసారి దుప్పి ఇంటికి వెళ్లి రండి. వచ్చాక కూడా పూస్తానంటే తురాయి కాలు కదలకుండా నేనే పట్టుకుంటాను" అంది నీలాలు.

గుబురయ్య విసురుగా వెళ్లాడు. సాయంత్రానికి తిరిగి వచ్చాడు.

"ఆ తల్లి నన్ను తిట్టలేదు నీలాలూ" అన్నాడు. "లేచి దండం పెట్టింది. 'మీ చేతనైంది మీరు చేశారు బాబూ' అంది."

బంక దొప్పను పక్కకు నెట్టాడు.

"ఆ గాయం కడుగు. మూయకు. రోజుకు మూడుసార్లు వేపాకు నీళ్లతో కడుగుదాం. ఇకమీదట ఎవరు ఇంటికి వెళ్లినా పదో రోజున నువ్వు వెళ్లి చూసి రా. మంచైనా చెడైనా ఉన్నది ఉన్నట్టు చెప్పు."

గాయం నెమ్మదిగా, లోపలి నుంచి మానింది. నెల తర్వాత తురాయి ఇంటికి వెళ్లింది. "రోజూ వచ్చి నీతో కబుర్లు చెబుతానక్కా!" అంది వెళుతూ.

రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజున నీలాలు బయలుదేరింది. దారిలో రెండుసార్లు ఆగింది.

గడ్డిలో తురాయి గెంతుతోంది. నీలాలును చూసి నాలుక కరుచుకుంది.

"అయ్యో అక్కా, కొత్త పచ్చిక మొలిచిందా, ఆ సంబరంలో నిన్ను మరిచేపోయాను!"

నీలాలుకు ఎక్కడో కలుక్కుమంది. అయినా వంగి తొడ తడిమి చూసింది. వాపు లేదు. నొప్పి లేదు.

"మరిచిపోయేంత బాగున్నావన్నమాట" అని నవ్వింది.

"కూర్చో అక్కా."

"ఇంకా ఇద్దరిని చూడాలమ్మా" అని నీలాలు ముందుకు నడిచింది.

నీతి: బాగైనవాళ్లు వచ్చి చెప్పే మాట ఒక్కటే విని మందు గొప్పదనుకోకూడదు. రానివాళ్ల ఇంటికి మనమే వెళ్లి అడగాలి.