దండుగ తగ్గించుకున్న బండివాడు

అనగనగనగా ఒక రాజ్యం. ఎక్కడ అని అడక్కండి, అడిగినా చెప్పను. సముద్రం దగ్గర్లోనే అనుకోండి. ఆ రాజ్యంలో దాలయ్య అని ఒక ఉప్పుబండివాడు ఉండేవాడు.

వాడికి రెండెద్దులు. ఒకటి నల్లటి కర్రెద్దు, రెండోది గోధుమరంగు పుల్లెద్దు. కర్రెద్దుది బలం, పుల్లెద్దుది బుద్ధి. సాయంత్రం కోటలోపల సూరిశెట్టి కొట్టులో ఉప్పు దించేవాడు. ఆ శెట్టి పెట్టిన అన్నమే తిని, ఆ అరుగు మీదే నడుం వాల్చేవాడు. తెల్లారగానే బండి కట్టేవాడు, ఎక్కేవాడు, మళ్లీ నిద్రపోయేవాడు. నవ్వకండి, బండివాళ్లంతా అంతే. ఖాళీ బండి మీద నిద్రపోని బండివాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఎద్దులకి ఇల్లు తెలుసు కదా. పుల్లెద్దు ముందడుగు వేసేది, కర్రెద్దు దాని పక్కన నడిచేది. దాలయ్య కళ్లు తెరిచేసరికి వాకిట్లో ఉండేవాడు.

ఆ కోటకి తూర్పుగుమ్మం ఇరుకు. వచ్చే బళ్లూ పోయే బళ్లూ ఒకదాన్నొకటి పట్టుకుని రోజూ రభసే. రాజుగారికి విసుగొచ్చి ఒక కట్టడి పెట్టారు. పొద్దుటిపూట తూర్పుగుమ్మంలో బళ్లు లోపలికే రావాలి. బయటికి పోయేవాళ్లు చుట్టు తిరిగి ఉత్తరపుగుమ్మంలోంచి పోవాలి. తప్పితే తొమ్మిది వరహాల దండుగ. దండోరా వేసే గవరయ్య పేటపేటకీ తిరిగి, గొంతు బొంగురుపోయేదాకా చాటాడు. దాలయ్య గంజి తాగుతూ విన్నాడు. తల కూడా ఊపాడు.

వాడు విన్నాడు సరే, ఎద్దులకెవరు చెప్పాలి? మర్నాడు పుల్లెద్దు అలవాటు చొప్పున తూర్పుగుమ్మంలోకే నడిచింది. ఎదురుగా కుండల బండి, దాని వెనక కట్టెల బండి, దాని వెనక ఇంకెన్నో. ఊరంతా అరుస్తోంది, దాలయ్య గుర్రు పెడుతున్నాడు. తలారి వచ్చి డొక్కలో పొడిచి లేపాడు. దండుగ కట్టేదాకా బండీ ఎద్దులూ కోటదొడ్లో ఉంటాయని చెప్పి తోలుకుపోయాడు.

దాలయ్య కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. వరహాలు లేక కాదు. ఇంటికప్పు వేయిద్దామని దాచుకున్నవి సరిగ్గా తొమ్మిది ఉన్నాయి. కట్టేస్తే ఈ వానాకాలం కారే ఇంట్లో గడపాలి, అంతే.

పెళ్లాం నూకాలు ఆ తొమ్మిదీ గుడ్డలో మూట కట్టి చేతిలో పెట్టింది. "నిద్రపోయింది నువ్వు. కట్టేసి గొడ్లని తోలుకురా. పీడ పోతుంది" అంది.

"నీకేం తెలుసే? నోరున్నవాడు దండుగ తగ్గించుకుంటాడు, నోరు లేనివాడు కడతాడు" అన్నాడు దాలయ్య. ఎంత తెలివో చూడండి.

మూట పట్టుకుని, కోటలో తీర్పులు చెప్పే ధర్మాధికారి దగ్గరికి పోయాడు. ఆయన మెత్తటి మనిషి. ఎవరినీ కసిరి ఎరగడు. దాలయ్య మొర అంతా విని, "తగ్గిద్దాం నాయనా. కానీ జరిగింది తొమ్మిది వరహాల తప్పు. ఖజానాకి తొమ్మిదీ చేరాలి. అందులో నీ వాటా తగ్గాలంటే, మిగతాది ఎవరి వాటాయో నువ్వే చెప్పాలి. ఇక్కడి పద్ధతి అది" అన్నాడు.

దాలయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, మా పేటలో దండోరా వినబడలేదండి. గవరయ్య మా వైపు రానేలేదు."

గవరయ్యని పిలిపించారు. వాడు ఆ బొంగురు గొంతుతోనే, "వచ్చాను బాబూ. వీడు తల ఊపడం నా కళ్లతో చూశాను" అన్నాడు. ఆ గొంతు సగం పైకి రాలేదు. ఈ గొంతు వేసుకుని ఏం చాటాడులే అనుకున్నాడు ధర్మాధికారి. మూడు వరహాలు గవరయ్య మీద పడ్డాయి. వాడి దగ్గర మూడు కాసులు కూడా లేవు. డప్పు లాక్కున్నారు. దాని మీదే వాడి కూడు. గవరయ్య వట్టి భుజంతో వెళ్లిపోయాడు.

దాలయ్య చూపు తిప్పుకున్నాడు. అయినా మూడు తగ్గాయి కదా. నోటికి రుచి తెలిసింది. ఇక ఊరుకుంటాడా?

"అయ్యా, ఇంకోటుందండి. సూరిశెట్టి సరుకు దించుకోవడం ఆలస్యం చేస్తాడు. కంటిమీద కునుకుండదు. అందుకే బండి మీద తూగాను."

సూరిశెట్టి వచ్చాడు. "మా అరుగు మీద నువ్వు పెట్టే గురక మా వీధంతా వింటుంది కదరా" అన్నాడు మెల్లిగా. అయినా ధర్మాధికారి మూడు వరహాలు అతని మీద వేశాడు. శెట్టి అవి అక్కడే కట్టేశాడు. కట్టి, "ఇకమీదట నీ బండి మా కొట్టు ముందు ఆగక్కర్లేదు" అని చెప్పి పోయాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇద్దరి కొంపలూ ముంచాక వాడికి మిగిలింది మూడే మూడు వరహాలు. అవి పారేసి ఇంటికి పోకూడదూ? పోడు. ఆరు తగ్గించినవాడికి మూడు ఒక లెక్కా అనుకున్నాడు.

"అయ్యా, అసలు తప్పు పుల్లెద్దుదండి. వట్టి మొండిది. పగ్గం ఎంత లాగినా వినదు. అది పోయినవైపే బండి పోతుంది."

పుల్లెద్దుని తెచ్చి నిలబెట్టారు. అది దాలయ్యని చూసి దగ్గరికొచ్చి, వాడి చెయ్యి నాకింది. అడిగితే చెప్పడానికి దానికి నోరేదీ?

"సరే, తప్పు ఎద్దుదే. నీ వాటా సున్నా. నువ్వు కట్టేదేమీ లేదు, వెళ్లిరా" అన్నాడు ధర్మాధికారి.

దాలయ్య పొంగిపోయి పగ్గం అందుకోబోయాడు. తలారి అడ్డొచ్చాడు.

"అది ఎక్కడికి? ఎద్దు దగ్గర వరహాలుండవు కదా. ఒళ్లు వంచి తీర్చుకుంటుంది. కోటలో గానుగకి కట్టండి" అన్నాడు ధర్మాధికారి.

"ఎన్నాళ్లండీ?"

"మూడు వరహాలు తీరేదాకా. రోజు కూలి రోజు మేతకి సరిపోతుంది. ఏమైనా మిగిలితే బాకీలో వేస్తాం."

"మిగలకపోతే?"

"తిరుగుతూనే ఉంటుంది."

వాళ్లు పుల్లెద్దు కళ్లకి గంతలు కట్టారు. ఎంత దూరం నుంచైనా కళ్లు మూసుకుని ఇల్లు చేర్చే గొడ్డు అది. దానికిక దారితో పని లేదు. దాలయ్య ముందుకురికి, మూట విప్పి ధర్మాధికారి కాళ్ల దగ్గర పోశాడు.

"తొమ్మిదీ తీసుకోండయ్యా. దండోరా విన్నాను. శెట్టి నన్ను కన్నబిడ్డలా చూశాడు. నిద్రపోయింది నేను. తప్పు నాది."

ధర్మాధికారి వరహాలన్నీ ఏరి, మళ్లీ మూట కట్టి, వాడి చేతిలోనే పెట్టాడు. "తీర్పు అయిపోయింది నాయనా. నీ తప్పేమీ లేదని తేలింది. తప్పు లేనివాడి దగ్గర దండుగ తీసుకుంటే అధర్మం కాదూ?" అన్నాడు, ఎంతో మెత్తగా.

రెండెద్దుల బండి ఒక్క ఎద్దుతో కదలదు. దాలయ్య కాడికి ఒకవైపు కర్రెద్దుని కట్టాడు. రెండోవైపు తన మెడ పెట్టాడు. ఉత్తరపుగుమ్మం చుట్టు తిరిగి, కన్ను మూయకుండా, ఆ దారంతా లాక్కుంటూ వచ్చాడు. దారిలో ఎవరూ పలకరించలేదు.

వాకిట్లో నూకాలు నిలబడి ఉంది. కాడినీ, కాడి కింద మొగుడినీ చూసింది.

"ఎంత తగ్గించారు?" అని అడిగింది.

"మొత్తం" అన్నాడు దాలయ్య. మూట ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని విప్పలేదు. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

కాబట్టి పిల్లలూ, తన తప్పుకి తానే దండుగ కట్టినవాడికి పోయేది సొమ్మే, ఇంకొకరి చేత కట్టించినవాడికి ఆ సొమ్ము తప్ప ఏమీ మిగలదు.