పదమూడో రోజు స్నానం

బుచ్చిదాసు గారిని ఎవరైనా ధర్మసందేహం అడిగితే, ఆయన ముందు వాళ్ళు చేసే పని గురించి అడిగేవారు. ఎన్నింటికి లేస్తావు, చేత్తో ఏం పట్టుకుంటావు, ఎవరి మాట వింటావు, ఇలాంటివి. ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. పోగు ఎక్కడ తెగిందో చూడకుండా ముడి వెయ్యకూడదనేవారు. ఆయన సమాధానం చెప్పారో లేదో అడిగినవాళ్ళకి చాలాసార్లు ఇంటికి పోయాక గానీ తెలిసేది కాదు.

సులోచన ఆయనకి శిష్యురాలై పదకొండేళ్ళు. భర్త చనిపోయిన ఏడాది మొదటిసారి ఆయన గడప తొక్కింది. భర్త పనిచేసిన మందుల ఫ్యాక్టరీలో ఆమెకి ఉద్యోగం ఇచ్చిందీ ఆ ఏడాదే. మందులు చేయగా మిగిలిన నీళ్ళన్నీ అక్కడొక పెద్ద గుంటలో చేరతాయి. వాటిని శుద్ధి చేసి నదిలోకి వదలాలి. శుద్ధి చేసే యంత్రాలు తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడే తిరిగేవి. మిగతా రోజుల్లో గుంట షట్టర్ ఎత్తి నీళ్ళు అట్లాగే వదలడమే పని. ఎప్పుడు ఎత్తాలో పైవాళ్ళు చెబుతారు. దగ్గరుండి ఎత్తించి పుస్తకంలో సంతకం పెట్టేది సులోచన. ఆ సంతకం మీదే ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు.

ఆ నది పడమటి గుట్టల్లో పుట్టి, బండల మధ్య సన్నగా ఉరికి, ఫ్యాక్టరీ దాటాక ఇసుకలో పరుచుకుంటుంది. అక్కడికి రెండు కోసుల దిగువన, బుచ్చిదాసు గారి ఊరి దగ్గర, వెనక ఏదో మరిచిపోయినట్టు ఉత్తరానికి తిరుగుతుంది. ఉత్తరంగా పారే చోట మునిగితే ఫలం ఎక్కువని నమ్మకం. అందుకని పన్నెండేళ్ళకోసారి పుష్కరాలకి జనం అక్కడికే వస్తారు. ఈసారీ వచ్చారు. వాళ్ళకంటే ముందే ఫ్యాక్టరీకి ఉత్తర్వు వచ్చింది, పన్నెండు రోజులూ నదిలోకి చుక్క వదలకూడదని. సులోచన చుక్క వదల్లేదు. నాలుగో రోజుకి నురగ పోయింది. ఏడో రోజుకి రేవు మెట్ల దగ్గర చేపపిల్లలు కాళ్ళకి తగులుతున్నాయని యాత్రికులు మురిసిపోయారు. అంతా తల్లి మహిమ అన్నారు.

బుచ్చిదాసు గారు మాత్రం ఆ పన్నెండు రోజులూ నదికి పోలేదు. దాసుగారికి చలి ఎక్కువైందని ఊళ్ళో వేళాకోళం చేశారు. ఆయనా నవ్వారు.

పన్నెండో రోజు సాయంత్రం సులోచన వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. గుంట అంచుదాకా నిండింది. మర్నాడు తొమ్మిదికి షట్టర్ ఎత్తాలని మేనేజర్ చెప్పాడు. చీర అంచు మడతపెడుతూ అడిగింది.

"గురువుగారూ, ఎత్తించేది నా చెయ్యి. ఎత్తమనేది ఇంకొకరి నోరు. పాపం చేతిదా, నోటిదా?"

ఆయన ఎప్పటిలాగే పని గురించి అడిగారు. షట్టర్ ఎట్లా ఉంటుంది, చక్రం ఎన్ని చుట్లు తిప్పాలి, నీళ్ళు ఏ రంగులో ఉంటాయి. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. వదిలిన నీళ్ళు ఈ మలుపుకి ఎంతసేపట్లో వస్తాయని అడిగారు. గంటన్నర అంది వెంటనే. కొత్తలో, షట్టర్ ఎత్తని రోజొకటి చూసి, ఎండు కొబ్బరిచిప్పలు వదిలి, గట్టు వెంట నడిచి, ఆ లెక్క కట్టింది తానేనని కూడా చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం పలికింది. అది ఆమెకే వినబడి తల దించుకుంది.

"అయితే రేపు పదిన్నరకి నేను నదిలో దిగుతాను," అన్నారు బుచ్చిదాసు గారు. "నా స్నానం ఇంకా కాలేదు."

రేపటికి పుష్కరం ఉండదనీ, పుణ్యకాలం ఇవాళ్టితో సరి అనీ ఆమె గుర్తుచేసింది. పుణ్యమంతా వచ్చినవాళ్ళు పట్టుకుపోయారు, నాకు ఉత్త నీళ్ళు చాలులే అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు తొమ్మిదికి సులోచన షట్టర్ దగ్గర నిలబడింది. చక్రం తిప్పే యాదగిరి చేతులు రుద్దుకుంటూ, పన్నెండు రోజుల్లో చేపలు మంచినీళ్ళు మరిగాయి మేడం, ఇక మానిపిద్దామా అన్నాడు. రోజూ అయితే ఆమె ఆ మాటకి నవ్వేదేమో. కాసేపు ఆగమంది. బుచ్చిదాసు గారి ఆశ్రమానికి ఫోన్ చేస్తే వంటమనిషి ఎత్తి, దాసుగారు కండువా భుజాన వేసుకుని ఇప్పుడే రేవుకి పోయారని చెప్పింది. తొమ్మిదింబావుకి మేనేజర్ ఫోన్ వచ్చింది. షట్టర్ బిగుసుకుపోయిందని చెప్పింది సులోచన. ఫ్యాక్టరీ తరఫున ఆమె చాలా అబద్ధాలు రాసింది. నది తరఫున ఆడింది అదొక్కటే. మధ్యాహ్నంలోగా ఎత్తకపోతే రేపటినుంచి రానక్కర్లేదన్నాడు అతను. తను వచ్చేదాకా చక్రం ముట్టుకోవద్దని యాదగిరికి చెప్పి, స్కూటీ మీద గట్టు వెంట బయలుదేరింది. పదకొండేళ్ళలో షట్టర్ ఎత్తాల్సిన రోజున ఆమె దిగువకి పోవడం అదే మొదలు.

రేవు ఖాళీగా ఉంటుందనుకుంది. యాత్రికులు లేరు గానీ ఖాళీగా లేదు. ఇద్దరు మగవాళ్ళు బర్రెలు కడుగుతున్నారు. ఆకుకూరలు పండించే కొమురవ్వ మోకాళ్ళ లోతున నిలబడి కొత్తిమీర కట్టలు జాడిస్తోంది. చివరి మెట్టు మీద చిన్న వయసు తల్లి ఒకతె బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని దోసిలితో నీళ్ళు పోస్తోంది. మధ్యలో, చెప్పిన వేళకి ముందే, నడుము లోతున బుచ్చిదాసు గారు. గిన్నిరోజులు జనం నీకు జాగా ఇయ్యలేదా దాసయ్యా అని కొమురవ్వ ఆటపట్టిస్తుంటే, నీ కొత్తిమీర అడ్డం తియ్యవ్వా ముందు అంటున్నారు ఆయన.

సులోచన మెట్లు దిగింది. షట్టర్ ఎత్తలేదనీ, అయినా మధ్యాహ్నంలోగా ఎత్తక తప్పదనీ, దయచేసి బయటికి రమ్మనీ ఆయన్ని బతిమాలింది.

విన్నది కొమురవ్వ. కట్ట నీళ్ళలోనే పట్టుకుని తలెత్తింది.

"మంట పుట్టే నీళ్ళు ఇడిసేది నువ్వేనా బిడ్డా?"

సులోచన తలూపింది. తిడుతుందనుకుంది. కొమురవ్వ తిట్టలేదు. వేళ్ళ సందుల్లో పగిలిన చర్మాన్ని కొంగుతో తుడుచుకుని, ఎవరినో చిన్న సాయం అడుగుతున్నట్టు అంది.

"గట్లయితే జర పొద్దుగాల ఇడువకు తల్లీ. నేను కూర కడుక్కొని పోయినంక ఇడువు."

మెట్టు మీద బిడ్డకి పొలమారింది. ఆ తల్లి వీపు తట్టి, ముఖాన మళ్ళీ దోసెడు నీళ్ళు పోసింది. సులోచన తడి మెట్టు మీదే కూర్చుండిపోయింది.

బుచ్చిదాసు గారు మూడు మునకలు వేసి, నెమ్మదిగా ఒడ్డుకి వచ్చారు. కండువా పిండుకుంటూ ఆమె పక్కన నిలబడ్డారు.

"ఎందుకు ఆపావు?"

"మీరు నీళ్ళలో ఉన్నారని."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. బర్రెల వైపు, కొత్తిమీర వైపు, బిడ్డ వైపు ఒకసారి చూశారు.

"నేను ఇవాళ ఒక్కరోజే దిగానమ్మా," అన్నారు.