గంజి కింద వెలసిన విడుపులమ్మ

విడుపుల గుట్టకు దారి అడగవలసిన పని లేదు. బస్సు దిగి ముక్కును నమ్ముకుంటే చాలు. వేడి ఆముదం వాసన ఆమడ దూరం ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకువస్తుంది. మెట్లు నూట పద్దెనిమిది. ఎక్కేటప్పుడు అవి వెయ్యి నూట పద్దెనిమిదనీ, దిగేటప్పుడు పద్దెనిమిదేననీ భక్తులు చెబుతారు. అది అబద్ధమని నిరూపించినవారు ఇంతవరకు లేరు.

పైన గోపురం లేదు, ప్రాకారం లేదు. నల్లని రాతిగోడలో, మామూలు ఆడమనిషి కంటే జానెడు ఎత్తున అమ్మవారు నిలబడి ఉంటారు. పొట్ట మీద బెత్తెడు పొడవున ఒక మచ్చ. వచ్చినవారు ముందుగా ఆ మచ్చకు నులివెచ్చని ఆముదం రెండు వేళ్ళతో రాసి, ఆ తరువాతే చేతులు జోడిస్తారు.

ఈ సన్నిధిలో ఏదీ లాగరాదు. గంటకు తాడు ఉండదు, కర్రతో తట్టాలి. తలుపు నెట్టేదే గాని లాగేది కాదు. పూలదండను తెంపరు, ముడి విప్పుతారు. గుట్ట మీద పిల్లల చెవి లాగినవారెవరైనా సరే, అమ్మవారికి సోలెడు ఆముదం సమర్పించుకోవాలి. ఒకసారి విహారయాత్రకు వచ్చిన బడి పంతులుగారు ఒక్క పూటలో రెండు డబ్బాలు సమర్పించుకుని వెళ్ళారట.

పూర్వం ఇక్కడ, గుట్ట అడుగున, నలభై గడపల సాలెపల్లె ఉండేది. నలభై మగ్గాలూ ఒక్కసారి మొదలైతే ఆ చప్పుడుకు వానమబ్బులు బెదిరి పక్క తాలూకాకు పోయేవట. ఈ వైపు వానలు తక్కువ కావడానికి పెద్దలు చెప్పే కారణం అదే.

నేతకు ముందు పడుగు దారాలను గుట్ట మీది రాతి పరుపు పొడవునా సాగదీసి, పలుచని గంజి పట్టించి, కుంచెతో దువ్వేవారు. గంజి దారానికి బలమిస్తుంది. ఆ గంజే ఆరేటప్పుడు పక్కపక్క దారాలను అతికించేస్తుంది కూడా. అతుక్కున్నదాన్ని లాగితే తెగుతుంది, అలాగే వదిలేస్తే బట్ట పాడవుతుంది. వేలికి చుక్క నూనె రాసుకుని, దారం పొడవునే నిమురుతూ, తొందరపడకుండా విడదీయాలి. ఈ పనిలో మార్కండయ్య భార్య సిద్ధెమ్మను మించినవారు ఏడు ఊళ్ళలో లేరు. ఆమె వెళ్ళి మధ్యలో కూర్చుంటే దారాలే కాదు, జుట్టూ జుట్టూ పట్టుకున్న తోడికోడళ్ళు కూడా విడివడి, ఎవరి పొయ్యి దగ్గరకు వారు వెళ్ళిపోయేవారట.

ఒక ఎండాకాలం ఉదయం, గుట్ట దారిన ఉప్పు బస్తాలు మోసుకుపోతున్న ఎద్దొకటి, గాలికి ఊగుతున్న ఎర్రని పడుగును చూసి బెదిరింది. అందరూ పక్కకు దూకారు. పడుగు తెగుతుందేమోనని సిద్ధెమ్మ దానికి అడ్డం వెళ్ళింది. పడుగు తెగలేదు. ఎద్దు కొమ్ము ఆమె పొట్టలో దిగింది.

పసుపూ, వేపాకూ నూరి కట్టగా నెల తిరిగేసరికి గాయం మానింది. పైన జెర్రిలాంటి మచ్చ మిగిలింది. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకున్నారు. కాని లోపలి మాంసం తన మటుకు తాను మాని ఊరుకోలేదు. పక్కనున్న పేగునూ, పొట్ట గోడనూ కూడా పట్టుకుని ఒక్కటిగా అతుక్కుపోయింది. గంజి పెట్టిన పడుగును దువ్వకుండా ఎండలో మరిచిపోతే ఎలా బిగుస్తుందో అలా బిగుసుకుంది.

నెలకు వేలెడు చొప్పున సిద్ధెమ్మ ముందుకు వంగిపోయింది. ఏడాది నిండేసరికి ఆమె చూపు నేల దాటి పైకి పోయేది కాదు. ఊరివారిని కాళ్ళను బట్టి గుర్తుపట్టడం నేర్చుకుంది. ఎవరి మడమ పగిలిందో, ఎవరి మెట్టె అరిగిందో ఆమెకు తెలుసు. మామగారి కాలివేళ్ళను చూసి ఆ పూట ఆయన కోపంగా ఉన్నారో లేదో అత్తగారికి ముందే చెప్పేదట.

నవ్వుకునే రోజులు అంతటితో అయిపోయాయి. పూటకు రెండు ముద్దలు దిగేది ఒక్క ముద్దయింది, తరువాత జావ అయింది. పొరుగూరి వైద్యుడు పొట్ట తడిమి చూసి, మార్కండయ్యను పక్కకు పిలిచాడు. ఇంకొక్క వేలెడు బిగిస్తే జావ కూడా దిగదనీ, మనిషి శ్రావణం చూడటం కష్టమనీ చెప్పాడు. పక్కకు అంటే నాలుగడుగులే. సిద్ధెమ్మకు వంగింది నడుముగాని చెవులు కావు. అంతా విని, ఏమీ విననట్టు దారం చిక్కు తీసుకుంటూ కూర్చుంది.

మార్కండయ్య మంచివాడు. చేతులు ఊరుకోవు, ఆయనలో ఉన్న లోపం అదొక్కటే. వంగిందాన్ని లాగితే నిటారవుతుందని ఆయనకు తోచింది. ఎముకలు సరిచేసే కట్లవాణ్ణి పిలిపించి, తాను కాళ్ళు పట్టుకుని, వాడి చేత భుజాలు లాగించాడు. ఆ కేకకు నలభై మగ్గాలూ ఆగిపోయాయి. తెల్లవారేసరికి సిద్ధెమ్మ ఇంకో అర వేలెడు వంగింది. ఆ రోజు నుంచి ఆమె దగ్గరకు ఎవరైనా చెయ్యి చాపితే గోడకు జరిగిపోయేది, మొగుడైనా సరే.

గుట్ట మీద రాతి పరుపు అంచు కింద కొంచెం నీడ ఉండేది. పడుగు పనికి పనికిరాని సిద్ధెమ్మ అక్కడ కూర్చునేది. పైన పని ముగిశాక మిగిలిన గంజిని ఆ అంచు మీద నుంచే కిందికి పారబోసేవారు. మూడు తరాలుగా పోసి పోసి, రాతిగోడ నిండా గంజి బెరడు మూరెడు మందాన కట్టింది. జ్యేష్ఠమాసంలో ఒక మధ్యాహ్నం, నేల దగ్గర బెరడు పెచ్చొకటి ఊడి ఉండగా, అక్కడ ఆమెకు ఒక కాలి బొటనవేలు, పక్క వేలికి మెట్టె కనిపించాయి.

నిటారుగా నడిచేవారి కంట పడని చోటు అది. ఊళ్ళో ఉన్న కాళ్ళన్నీ సిద్ధెమ్మకు తెలుసు. ఇది ఎవరిదీ కాదు. పరాయి మనిషి వచ్చి నిలబడిందనుకుని, ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు అని మర్యాదగానే పలకరించింది. జవాబు రాలేదు. ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ అలాగే కునుకు తీసింది.

ఆ కునుకులో అమ్మవారు కనిపించారు. దేవతలు కలలో చిరునవ్వుతో కనిపిస్తారని అంటారు. ఈ తల్లి మహా చిరాకుగా కనిపించింది.

"మీ తాతల నాటి నుంచి మిగిలిన గంజంతా నా నెత్తిన పోస్తున్నారు. బిగుసుకుపోయి ఊపిరాడటం లేదు. నన్ను విడిపించు. ముందు నా సంగతి చూడు, తరువాత నీ సంగతి చూద్దాం."

సిద్ధెమ్మ ఇంటికి వెళ్ళి కల సంగతి చెప్పింది. విడిపించు అన్న మాట చెవిన పడగానే మార్కండయ్య గడ్డపార భుజాన వేసుకుని గుట్టెక్కాడు. ఆమె కుంటుకుంటూ చేరుకునేలోపే ఒక్క పోటు పొడిచాడు. బెరడు ఊడలేదు. గడ్డపార మొన బెరడును చీల్చుకుని లోపలి రాతికి తగిలింది. లోపల నుంచి అబ్బా అని మూలిగినట్టు వినిపించిందట. చీలిక వెంట ఎర్రని నీరు కారింది. మార్కండయ్య గడ్డపార వదిలేసి నేల మీద చతికిలబడ్డాడు.

సిద్ధెమ్మకు ఆయన మొహం కనిపించదు. వణుకుతున్న పాదాలు కనిపించాయి.

"పడుగులో దారం అతుక్కుంటే గడ్డపార తెస్తావా మామా?" అని అడిగింది.

"మరేం తేవాలి?"

"ఆముదం తే. వెచ్చజేసి తే. తెచ్చి అక్కడ పెట్టి, నీ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని కూర్చో."

ఆ రోజే ఆమె అమ్మవారి పాదాల దగ్గర పని మొదలుపెట్టింది. నులివెచ్చని ఆముదాన్ని బెరడుకు పట్టించి, సెగ చూపిన ఆముదపు ఆకు కప్పి, గుక్కెడు నీళ్ళు తాగి కూర్చునేది. బెరడు నానాక రెండు వేళ్ళతో, దారాన్ని నిమిరినట్టే, చిన్న చిన్న సున్నాలు చుడుతూ నిమిరేది. గోరు తగలనిచ్చేది కాదు. రోజుకు వేలెడు మేర విడివడితే ఆ పూటకు చాలనుకునేది. పాదాలు బయటపడేందుకు ఆరు రోజులు పట్టింది. వంగిన నడుముకు అంతకంటే అనువైన పని లోకంలో లేదు. వేరెవరికైనా మెడ పట్టేసేది.

సాలెవారు నూనె చుక్క వృథా చెయ్యరు. పని ముగిశాక అరచేతులకు మిగిలిన వెచ్చని ఆముదాన్ని సిద్ధెమ్మ తన పొట్ట మీది మచ్చకే తుడుచుకునేది, ఆకును కూడా అక్కడే కప్పుకునేది. మందు అనుకుని కాదు, పొదుపు అనుకుని. వేళ్ళకు అలవాటైపోయిన సున్నాలు అక్కడ కూడా వాటంతట అవే చుట్టుకునేవి. పదో రోజున మచ్చ కింద ఏదో మెత్తబడినట్టు తోచింది. భ్రమ అనుకుని ఎవరికీ చెప్పలేదు.

మోకాళ్ళ దగ్గరకు వచ్చేసరికి కొంచెం పైకి లేవవలసి వచ్చింది. లేవగలిగినంతే లేచేది. నొప్పి ఆగు అన్న చోట ఆగేది, మరునాడు మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టేది. పొట్ట దగ్గరకు చేరిన రోజున గడ్డపార చేసిన గాయం కనిపించింది. సరిగ్గా తనకు మచ్చ ఉన్న చోటే. ఒక చెయ్యి అమ్మ పొట్ట మీద, ఒక చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. ఆ సాయంత్రం జావతోపాటు చిన్న సంగటి ముద్ద ఒకటి దిగింది. నోట పెట్టింది ఆమె, ఏడ్చింది అత్తగారు.

శ్రావణం వచ్చింది. సిద్ధెమ్మ శ్రావణాన్ని చూసింది. అయితే అమ్మవారి మొహం మాత్రం ఇంకా బెరడు కిందే ఉంది. అది అందాలంటే పూర్తిగా నిటారుగా నిలబడి, చెయ్యి తలకు పైగా చాపాలి. జానెడు తక్కువైంది. మూడు రోజులు అదే జానెడు. తోటివారు పీట వేస్తామంటే సిద్ధెమ్మ వద్దంది. వెనక కూర్చున్న మార్కండయ్యకు ఆమెను చంకలు పట్టి పైకి ఎత్తేద్దామని చేతులు ఒకటే దురదలు. ఆ దురదను ఆపుకోవడానికి ఆ మూడు రోజుల్లో తన తలగుడ్డను పదహారు పేలికలుగా నమిలాడట.

నాలుగో రోజు ఉదయం సిద్ధెమ్మ తొందరపడలేదు. నూనె కాచుకుంది, మచ్చను నిమురుకుంది, ఊపిరి నెమ్మదిగా వదులుతూ కుడిచెయ్యి పైకెత్తింది. ప్రతిరోజూ ఆగే చోట చెయ్యి ఆగింది. ఆమె కూడా ఆగింది. అలా ఆగి ఉండగా, లోపల ఎక్కడో, నూనె పట్టిన దారం పక్క దారాన్ని వదిలి జారినట్టు, ఏదో నిమ్మళంగా జారింది. నొప్పి లేదు. చెయ్యి ఇంకా పైకి పోయింది. వేళ్ళు అమ్మవారి గడ్డానికి తగిలాయి. మొహం మీది బెరడంతా ఒక్క పెచ్చుగా ఊడి, ఆమె అరచేతుల్లోకి వచ్చింది.

"హమ్మయ్య" అన్న మాట వినిపించింది.

ఆ మాట ఎవరన్నారన్న దానిపై పల్లెలో రెండు తరాలు వాదించుకున్నారు. సిద్ధెమ్మ అన్నదని కొందరు, అమ్మవారే అన్నారని కొందరు. ఇద్దరూ ఒక్కసారే అన్నారనీ, ఆ ఊపిరికి పరుపు మీద ఆరుతున్న పడుగులన్నీ ఎగిరి చింతచెట్లకు చుట్టుకున్నాయనీ చూసినవారు చెప్పారు.

నిటారుగా నిలబడి సిద్ధెమ్మ వెనక్కి తిరిగింది. ఎన్నో నెలల తరువాత మొగుడి మొహం చూసింది.

"గడ్డం నెరిసింది మామా," అంది. "నాకెవ్వరూ చెప్పలేదే."

"ఎవరు చెబుతారు? పాదాలు తప్ప నీకేం కనిపించాయని," అన్నాడు మార్కండయ్య. అని, ఆ గడ్డం తడిసేలా ఏడ్చాడు. సిద్ధెమ్మ తానే చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ మధ్యాహ్నం పదకొండు సంగటి ముద్దలు తింది. పన్నెండోది అత్తగారు దాచేశారు.

కల సంగతి విన్ననాడే అంచు మీద నుంచి గంజి పోయడం మానిన పల్లెవారు, ఆ రోజు నుంచి అమ్మవారిని విడుపులమ్మ అని కొలుచుకున్నారు. పొట్ట మీది గడ్డపార దెబ్బను మాత్రం అలా ఉంచడం మార్కండయ్యకు మనసొప్పలేదు. శిల్పిని తెచ్చి పూడ్పిస్తానని మొక్కుకున్నాడు. ఈసారి అమ్మవారు ఆయనకే కలలో కనిపించి, ఉలి పట్టినవాణ్ణి గుట్ట ఎక్కనియ్యవద్దని ఆజ్ఞాపించారు.

"మచ్చ ఉండనీ. కదలిక వచ్చింది, నాకు చాలు."

అందుకే నేటికీ ఆ మచ్చ పూడలేదు. సిద్ధెమ్మ కూడా తన మచ్చతోనే తొంభై ఏళ్ళు బతికిందని చెబుతారు. నూట నలభై అని చెప్పేవారూ ఉన్నారు.

ఈనాటికీ ఆ వంశపు ఆడవారే ఇక్కడ అర్చన చేస్తారు. కోత పడి మానినవారు, కాలిన మచ్చలతో చెయ్యి ముడుచుకుపోయినవారు, పెద్ద ఆపరేషన్ తరువాత పొట్టలో బిగువు వదలనివారు మంగళవారం ఉదయం వస్తారు. అమ్మవారి మచ్చకు రాసిన ఆముదాన్ని కొంచెం చిన్న సీసాలో తీసుకువెళ్ళి, స్నానానికి ముందు వెచ్చజేసి, రెండు వేళ్ళతో నిమురుకుంటూ నలభై ఒక్క రోజులు ఓపిక పడతారు. పచ్చి గాయానికి నూనె తాకించకూడదని ఇక్కడ గట్టి నియమం. ఆపరేషన్ అయినవారిని, పొట్ట మీద చెయ్యి వెయ్యవచ్చో లేదో కోసిన డాక్టరుగారిని అడిగి రమ్మంటారు. పొట్ట ఉబ్బి, వాంతులు ఆగక, మెలిపెట్టే నొప్పితో వచ్చినవారికైతే పూజ ఉండదు. అర్చకురాలు అక్షతలు వేసి, ఆటో పిలిచి, తిన్నగా ఆసుపత్రికి పంపిస్తుంది. అమ్మవారు ఎక్కడికీ పోరు, తరువాత రావచ్చు అని చెప్పి మరీ ఎక్కిస్తుంది.

ఈ తల్లికి వేరే మంత్రం లేదు. నిమరడం పూర్తయ్యాక భక్తులు సన్నిధిలో నిలబడి, నొప్పి ఆగు అన్నంత వరకే చెయ్యి పైకెత్తి, గుండె నిండా ఊపిరి పీల్చి, హమ్మయ్య అని వదులుతారు. కొందరికి ఆ మాట మొదటి వారమే లోపల నుంచి వస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. రానివారిని ఎవరూ తొందరపెట్టరు. అలా నిలబడినంతసేపు వెనకనున్న వరుస కదలదు, ఎవరూ గొణగరు. పైన ఒకరు హమ్మయ్య అనగానే, మెట్ల మీద కూర్చున్నవారిలో తరువాతివారు నడుం పట్టుకుని లేచి, నెమ్మదిగా ఎక్కడం మొదలుపెడతారు.