పెట్రోలు బంకులో మౌనవ్రతం

నోరు ఆగకపోవడమే విరూపాక్షానికి వచ్చిన కష్టం.

తునిలో పదహారేళ్లు జూనియర్ కాలేజీ లెక్చరరుగా చేసి, ఉద్యోగం వదిలేసి నెమలికొండ ఆశ్రమంలో చేరాడు. చేరాక కూడా పాఠం చెప్పే అలవాటు పోలేదు. బావి దగ్గర నీళ్లు తోడేవాళ్లకి నీటి గురించి చెప్పేవాడు. గోశాలలో గడ్డి వేసేవాళ్లకి గడ్డి గురించి చెప్పేవాడు. వినేవాళ్లు మెల్లగా తప్పుకునేవాళ్లు. ఒకనాడు తనకే విసుగొచ్చి పరిపూర్ణస్వామి ఎదుట కూర్చున్నాడు.

“స్వామీ, నా నోరు నా మాట వినదు. ఏం చెయ్యమంటారు?”

ఎనభై ఏళ్ల స్వామి చిరిగిన చాప అంచు కుట్టుకుంటున్నారు. తల ఎత్తకుండానే, “ఒక మండలం, నలభై రోజులు, మాట్లాడకుండా ఉండి చూడు. అవసరమైతే రాయి” అని పక్కనున్న పలకా బలపమూ అతనివైపు జరిపారు.

మూడో రోజున విరూపాక్షం ఆ పలక తెచ్చి వెనక్కిచ్చేశాడు. దాని మీద, ‘రాయడమూ మాట్లాడడమే. నేను కాష్ఠమౌనం పడతాను’ అని రాసి ఉంది.

కాష్ఠమౌనమంటే కట్టెలా ఉండిపోవడం. నోట మాట ఉండదు, చేత్తో సైగ ఉండదు, అవునని తల ఊపడం కూడా ఉండదు. చెప్పిన పని చెయ్యవచ్చు, అంతే. ఆ కొండ మీద అంతకుముందు దాన్ని నలభై రోజులు నిలబెట్టినవాళ్లు ఇద్దరే.

స్వామి చదివారు. పలక తుడిచి, ఆ వారం తేవలసిన పప్పూ బెల్లమూ దాని మీద రాసుకున్నారు.

విరూపాక్షం నిజంగానే నిలబడ్డాడు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. కొండకి వచ్చేపోయేవాళ్లు అతన్ని చూపించి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒక్క వంట చేసే నూకాలమ్మే తగ్గేది కాదు.

“ఈయనకి వడ్డిస్తుంటే దూలానికి వడ్డించినట్టుంది తల్లీ. ఉప్పెక్కువైందో లేదో ఆ దూలమైనా చెబుతుందేమో!”

అందరూ నవ్వేవాళ్లు. విరూపాక్షం నవ్వేవాడు కాదు.

మండలం పూర్తయిన మర్నాడు పొద్దున్నే ఆశ్రమంలో ఉన్నవాళ్లంతా కూడి కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. మౌనం పట్టినవాడు గురువు ఎదుట మొదటి మాట పలుకుతాడు. తరవాత అందరికీ పాయసం పెడతారు. ఆ మొదటి మాట ఏదై ఉండాలో విరూపాక్షం లోలోపల చాలా రోజులుగా ఆలోచించుకుంటున్నాడు.

ముప్ఫై ఆరో రోజున అతనికి పన్ను నొప్పి ఎక్కువైంది. దవడ వాచింది. స్వామి ఆశ్రమం బండి తియ్యమని లాజరుకి చెప్పి, పళ్ల డాక్టరుకి తనే చీటీ రాసిచ్చారు.

లాజరుకి అరవై ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ కొండ మీద ఆయనే డ్రైవరు. ఘాటు రోడ్డు పొడవునా ఉన్న గూడేలలో పురుటి నొప్పులొచ్చినా, పాము కరిచినా, జ్వరం తలకెక్కినా ఆశ్రమం బండే వెళ్లాలి. అంతకుముందున్న పాత కారు పెట్రోలుది. అది మూలపడ్డాక విశాఖపట్నం డాక్టరుగారొకరు నాలుగు నెలల కిందట డీజిల్ బండి ఇచ్చారు. ఇదీ తెల్లదే, చూడడానికి అదీ ఇదీ ఒకలాగే ఉంటాయి.

విరూపాక్షానికి పన్ను పీకించి తిరిగి వస్తూ లాజరు బంకులో బండి ఆపాడు. విరూపాక్షం వెనక సీట్లో ఎడమవైపు కూర్చుని ఉన్నాడు. అద్దం దించి ఉంది.

“రెండు వేలకి డీజిల్ కొట్టు బాబూ” అన్నాడు లాజరు, పంపు దగ్గరున్న ఖాకీ చొక్కా ఆయనతో. “ఈలోగా ఎదురుగా బీపీ మాత్రలు తెచ్చుకుంటాను. టైర్లలో గాలి కూడా చూడండి” అని రోడ్డు దాటి వెళ్లాడు.

అప్పుడే డ్యూటీ మారింది. ఖాకీ చొక్కా ఆయన ‘తెల్ల బండికి రెండు వేలకి’ అని మాత్రం చెప్పి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అతని బదులు వచ్చిన అమ్మాయి, ఆశ్రమం పేరున్న తెల్ల బండిని ఏళ్ల తరబడి చూసిన అమ్మాయి, పైపు చేతిలోకి తీసుకుంది.

“పెట్రోలే కదా స్వామీ? రెండు వేలకేనా?”

విరూపాక్షం ఆ పైపు చూశాడు. కాదని చెయ్యి ఊపితే చాలు. చెయ్యి తొడ మీదినుంచి లేవబోయి ఆగింది. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. లాజరు చెప్పాడు కదా, వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు అనుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

ఆ అమ్మాయి అవుననే అనుకుంది. పెట్రోలు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది.

లాజరు తిరిగి వచ్చి, డబ్బిచ్చి, బిల్లు చూడకుండా జేబులో పెట్టుకుని బండి తీశాడు. ఏడు కిలోమీటర్లు వెళ్లాక ఘాటు మొదట్లో బండి దడదడా కొట్టుకుని ఆగిపోయింది. మరి కదలలేదు. లారీకి తాడు కట్టి వెనక్కి, పట్నంలో షోరూముకి లాక్కుపోవలసి వచ్చింది. అక్కడి మెకానిక్ మూత తీసి వాసన చూశాడు. లాజరు జేబులోంచి బిల్లు తీసి చదివాడు. పెట్రోలు అని ఉంది.

ఆ సాయంత్రం లాజరు స్వామి ఎదుట నిలబడ్డాడు.

“డీజిలనే చెప్పాననుకున్నాను స్వామీ. ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను. పాత బండికి పన్నెండేళ్లు పెట్రోలు కొట్టించాను. నోటికి అదే వచ్చేసి ఉంటుంది. ఈమధ్య కళ్లజోడు ఎక్కడ పెట్టానో కూడా గుర్తుండట్లేదు. ఇవాళ పెట్రోలయింది, రేపు ఘాటు మీద ఏ మలుపు మర్చిపోతానో. నేనింక బండి ముట్టుకోను.”

స్వామి విరూపాక్షం వైపు చూశారు. విరూపాక్షం నేలవైపు చూస్తున్నాడు.

“ఆయన్నేం అడుగుతారు స్వామీ” అన్నాడు లాజరు. “పాపం, ఆయన ఈ లోకంలోనే లేరు.”

ఆ మర్నాటినుంచి లాజరు వంటశాల అరుగు మీద కూర్చుని ఘాటు రోడ్డులో వచ్చే ఊళ్లు ఒకటొకటే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. గుమ్మలపాడు, ఈతలవలస, జాజులబంద, పెదగరువు. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటినుంచి. మనవల పేర్లు పెద్దవాడినుంచి చిన్నదానిదాకా. తరవాత చిన్నదానినుంచి పెద్దవాడిదాకా.

“నూకాలమ్మా, నేను పొద్దున టీ తాగానా?”

“రెండుసార్లు తాగావు. మూడోది కొట్టెయ్యడానికి ఎత్తు వేస్తున్నావా?” అంది నూకాలమ్మ. ఆయన మొహం చూసి, గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

ఈతలవలసలో ఒకామెకి నొప్పులొస్తే ఆ రాత్రి డోలీ కట్టి మోసుకుపోయారని కబురొచ్చింది. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. లాజరు ఆ కబురు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

విరూపాక్షం అన్నీ వింటున్నాడు. అన్నం ముద్ద మింగుడుపడడం లేదు. పన్ను పీకినచోట నొప్పి అనుకుని నూకాలమ్మ జావ కాచి పెట్టింది.

ముప్ఫై తొమ్మిదో రోజున, షోరూముకి వెళ్లి రిపేరు సంగతి తేల్చుకోవాలని స్వామి బయలుదేరారు. లాజరుని రమ్మన్నారు. “నువ్వు కూడా పద” అని విరూపాక్షంతో అన్నారు. ముగ్గురూ బస్సులో వెళ్లారు. దారిలో లాజరు కిటికీలోంచి మైలురాళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

షోరూములో మెడలో టై కట్టుకున్న ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు.

“ట్యాంకు, పంపు, ఇంజెక్టర్లు, పైపులు అన్నీ మార్చాలి స్వామీ. లక్షా ఎనభై నాలుగు వేలవుతుంది. మనమే పోయించుకున్నదానికి ఇన్సూరెన్సు రాదు.”

“కడిగితే పోదా నాయనా?” అన్నారు స్వామి.

“స్టార్టు చెయ్యకుండా మాకు చెప్పి ఉంటే ట్యాంకు దింపి కడిగేవాళ్లం. నాలుగైదు వేలతో పోయేది. మీవాళ్లు ఏడు కిలోమీటర్లు నడిపేశారు కదా. అదంతా లోపలికి తిరిగేసింది.”

“అంటే, బంకులో ఉండగానే తెలిస్తే?”

“బంకులోనే తెలిస్తే బాధే లేదు. ఇంత బండికి ఆ ఒక్క నిమిషమే ముఖ్యం స్వామీ.”

లాజరు తల దించుకున్నాడు. నీళ్ల డబ్బా పక్కనున్న కుర్చీలో వెళ్లి కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. గుమ్మలపాడు, ఈతలవలస.

బండి షెడ్డులో ఓ మూల ఉంది. స్వామి దాని చుట్టూ ఒకసారి తిరిగారు. తరవాత వెనక తలుపు తెరిచారు.

“ఆ రోజు ఎక్కడ కూర్చున్నావో అక్కడ కూర్చో” అన్నారు విరూపాక్షంతో.

విరూపాక్షం ఎక్కి ఎడమవైపు కూర్చున్నాడు. స్వామి తలుపు మూసి, పైపు పట్టుకున్నవాళ్లు నిలబడే చోట, ట్యాంకు మూత దగ్గర నిలబడ్డారు; నాలుగడుగులు కూడా పట్టలేదు. అక్కడ నిలబడే చెయ్యి చాపారు. ఆ చెయ్యి దించి ఉన్న అద్దంలోంచి లోపలికి వచ్చి విరూపాక్షం భుజం మీద పడింది.

స్వామి వంగలేదు, ముందుకి జరగలేదు. చెయ్యి అలాగే కాసేపు ఉంచారు. తరవాత తీసేసుకుని, టై కట్టుకున్నాయన దగ్గరికి వెళ్లి కాగితంలో ఏదో చూపించి అడగసాగారు.

విరూపాక్షం చాలాసేపు బండిలోనే ఉండిపోయాడు.

చివరికి దిగి వచ్చి లాజరు కుర్చీ ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ముప్ఫై తొమ్మిది రోజుల తరవాత గొంతు పెగల్లేదు. గాలి బుస కొట్టినట్టు ఏదో వచ్చింది. అవతల ఎవరో టైరుకి మిషనుతో బోల్టులు విప్పుతున్నారు.

లాజరు ఉలిక్కిపడి లేచాడు.

“అయ్యయ్యో, ఏంటి స్వామీ ఇది! ఇంకొక్క రోజే కదా ఉంది! ఏం కావాలి, మంచినీళ్లా?”

“గట్టిగా చెప్పు” అన్నారు స్వామి, కాగితంలోంచి తల ఎత్తకుండా. “ఆ చప్పుడులో అతనికి వినపడలేదు.”

విరూపాక్షం ఊపిరి తీసుకున్నాడు. “లాజరన్నా, నువ్వు డీజిలనే చెప్పావు!”

మిషను ఆగింది. షెడ్డులో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

“నేను విన్నాను. తరవాత వచ్చిన అమ్మాయి పెట్రోలేనా అని నన్నడిగింది. తెలిసి కూడా ఊరుకున్నాను.”

లాజరు కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. కోపం వచ్చిందో లేదో మొహంలో తెలియలేదు.

“డీజిలన్నానా?”

“అన్నావు.”

“రెండు వేలకని కూడా అన్నానా?”

“రెండు వేలకే అన్నావు. మాత్రలు తెచ్చుకుంటానన్నావు. టైర్లలో గాలి చూడమన్నావు.”

“గాలి సంగతి గుర్తు లేదు” అన్నాడు లాజరు. కాస్త ఆగి, “కానీ డీజిలన్నాను” అన్నాడు. కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుచుకోసాగాడు. తుడవడం ఎంతకీ అవడం లేదు.

విరూపాక్షం స్వామి వైపు తిరిగి చేతులు జోడించాడు.

“నా వ్రతం చెడిపోయింది స్వామీ.”

కళ్లజోడు చేతిలో పట్టుకుని లాజరు మళ్లీ ఏదో అడగడానికి తల ఎత్తుతున్నాడు.

“ముందు అతనికి చెప్పు” అన్నారు స్వామి. “ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పు.”