మూడో కూత

అనగనగా సముద్రం నడుమ ఒక దీవి, ఆ దీవి అంచున ఒక తెల్లటి ఊరు. గ్రీసు దేశంలో ఉందిట. ఎంత దూరమని అడక్కు, నేనేమైనా చూసొచ్చానా? దుప్పటి కప్పుకుని విను.

ఆ ఊళ్ళో గోడలన్నిటికీ సున్నం, తలుపులన్నిటికీ నీలం రంగు. సందులు మాత్రం మహా తిక్కవి. వెనకటికి ఓడల మీద దొంగలొచ్చి పడేవాళ్ళుట. వాళ్ళు దారి తప్పాలని కావాలనే మెలికలు తిప్పి కట్టారు.

ఆ ఊరు చూడ్డానికి కాకినాడ నుంచి హంసిని అనే ఏడేళ్ళ పిల్ల అమ్మానాన్నలతో వచ్చింది. సాయంత్రం మళ్ళీ ఓడెక్కేయాలి. ఓడ మూడుసార్లు కూస్తుందనీ, మూడో కూతకి కదిలిపోతుందనీ, ఎవరి కోసమూ ఆగదనీ, అమ్మ చెయ్యి వదలొద్దనీ నాన్న చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

వింటేగా! ఒక ఇంటి ముందు దండెం మీద బట్టలారేసినట్టు ఆక్టోపస్‌లని ఆరేశారు. హంసిని చెయ్యి వదిలేసి, వాటి కాళ్ళు లెక్కపెడుతూ నిలబడిపోయింది. తల తిప్పేసరికి అమ్మా లేదు, నాన్నా లేడు.

అప్పుడు మొదటి కూత వినబడింది. పిల్ల పరుగెత్తింది. సందు చివర గోడ. ఆ తర్వాత మెట్లెక్కింది. పైన తాళం వేసిన తలుపు.

అప్పుడు రెండో కూత కూసింది. అమ్మావాళ్ళు ఓడెక్కేస్తారు, నన్నిక్కడే వదిలేస్తారు అనుకుంది హంసిని. ఎవర్నైనా అడుగుదామంటే అక్కడి భాష ఒక్క ముక్క రాదాయె.

మూడో సందులో ఒక ముసలమ్మ కూర్చుని చేపలు కోస్తోంది. నిలువెల్లా నల్లబట్టలే. పిల్లని చూసి కత్తి పక్కన పెట్టింది. దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని, "ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ" అంది.

హంసిని భయంతో బిగుసుకుపోయింది. ఆ తర్వాత మెల్లిగా తెలిసింది, ఇది దిష్టి తీయడమని. కాకినాడలో నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి ఇలాగే మూడుసార్లు థూ థూ అనిపిస్తుంది. దిష్టి తీసేవాళ్ళు పిల్లల్నెత్తుకుపోరులే అనుకుని, సముద్రం వైపు వేలు చూపించి ఏడ్చింది.

ముసలమ్మకి అర్థమైంది. చెయ్యి పట్టుకుని తన ఇంట్లోంచే నడిపించింది. వెనక తలుపు తీస్తే రేవులోకి మెట్లు. సగం మెట్లు దిగారో లేదో, మూడో కూత కూసింది. ఓడ కదిలిపోయింది. హంసిని అక్కడే కూలబడిపోయింది.

అప్పుడు కింద ఎవరో గొంతు చించుకుని పిలుస్తున్నారు. చూస్తే అమ్మ. సందులన్నీ వెతికి, చెమటలు కక్కుతూ నాన్న.

"ఓడ వెళ్ళిపోయింది కదా, మీరెక్కలేదేం?" అంది హంసిని.

అమ్మ పరుగున పైకొచ్చి పిల్ల వీపు మీద ఒక్కటేసి, అదే చేత్తో గుండెలకి హత్తుకుంది.

"నిన్నొదిలేసి ఎక్కడికెళ్తామే, పిచ్చిమొద్దూ?"

కథ కంచికి,
ఓడ నీటికి,
పిల్ల తల్లి ఒడికి,
నువ్వు నిద్రకి.