తలూపినవాడికి చెప్పిన జాగ్రత్త

ఒక జిల్లా ఆసుపత్రిలో కనకవల్లి అనే హెడ్ నర్సు ఉండేది. పనిలో చురుకైనదే గాని, ఒక మాట రెండోసారి చెప్పాలంటే ఆమెకు ప్రాణం పోయినంత పనయ్యేది. రోగుల్ని ఇంటికి పంపే వేళ ఆమె పద్ధతి ఒకటే. మంచం చుట్టూ ఉన్నవాళ్లలో ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పిందానికల్లా తలూపేవాణ్ణి వెతికేది. అతనికి గడగడా చెప్పేసి, "అర్థమైందిగా?" అనేది. "అయిందండీ" అనేవాడు. మంచం ఖాళీ అయ్యేది. తలూపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

ఆ వార్డులో అప్పలస్వామి అనే మామిడితోట కాపలాదారు ఉండేవాడు. చక్కెర జబ్బు మనిషి. కాలి పుండు ముదిరితే డాక్టరు కోసి శుభ్రం చేశాడు. కాలు దక్కింది. ఇక ఇంటి దగ్గర కనిపెట్టుకుని చూడవలసింది అతని భార్య పైడమ్మ. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. ఆమె నిదానస్తురాలు, అడిగిందే మళ్లీ అడిగేది.

ఇంటికి పంపే రోజున చిన్న నర్సు లిల్లీ, "మేడమ్, ఇవాళ్టికి ఉంచుదాం. పైడమ్మ చేత మన ముందే కట్టు కట్టించి చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది" అంది.

"ఆవిడకి నేర్పేలోపు నలుగుర్ని పంపించొచ్చు. అదిగో, ఆవిడ తమ్ముడు వచ్చాడు. చదువుకున్నవాడు" అంది కనకవల్లి.

తమ్ముడు సూరిబాబు వేరే ఊళ్లో సెల్‌ఫోన్ల దుకాణం నడిపేవాడు. కనకవల్లి అతనికి అంతా చక్కగానే చెప్పింది. "కట్టు బిగించొద్దు. వేళ్లు నల్లబడినా, వాసన వచ్చినా వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే కాలు దక్కదు." అతను ఫోన్ చూసుకుంటూ తలూపాడు.

పైడమ్మ మందుల సంచి సర్దుకుని వచ్చేసరికి చెప్పడం అయిపోయింది. "అమ్మా, మల్లీ ఎప్పుడు తేవాల?" అని అడిగింది.

"వచ్చే సోమవారం. ఊరికే ముందు వచ్చి కూర్చోకు. మిగతాదంతా మీ తమ్ముడికి చెప్పాను" అని కనకవల్లి పక్క మంచానికి వెళ్లింది.

సూరిబాబు వాళ్లను ఇంటి దగ్గర దింపి, తాను ఆటో దిగనైనా దిగలేదు. "ఏటి సెప్పారురా?" అని అక్క అడిగితే, "ఏముంది, మందులేసుకోమన్నారు" అని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున్నే పైడమ్మ భర్తను తీసుకొచ్చింది. కట్టు విప్పగానే లిల్లీ మొహం తిప్పుకుంది. పాదం బొగ్గులా ఉంది. మోకాలి కింద నుంచి తీసెయ్యక తప్పదన్నాడు డాక్టరు.

కనకవల్లికి ఒళ్లు మండింది. "ఇంత నల్లబడేదాకా ఏం చేస్తున్నావు? కళ్లు లేవా?"

"అగుపడ్డాదమ్మా. గురువారం నాడే వేలు నల్లబడ్డాది. తెద్దునా అనుకున్నాను. మీరు సోమారం కంటే ముందు రావొద్దన్నారు కదా. మీ మాట దాటితే ఆయనకేటైనా అయిపోద్దేమోనని బయపడ్డాను. మీరు సెప్పిన రోజుకే తెచ్చానమ్మా."

ఇక కనకవల్లి ఎవరిని తిట్టాలి? పైడమ్మ తాను విన్నమాటను అక్షరాలా పాటించింది.

కాలు తీసేశాక మళ్లీ ఇంటికి పంపే రోజు వచ్చింది. ఈసారి కనకవల్లి స్టూలు లాక్కుని పైడమ్మ ఎదుట కూర్చుంది. కట్టు కట్టి చూపించి, ఆమె చేత కట్టించింది. రెండోసారికే పైడమ్మ చక్కగా కట్టింది. నేర్పడానికి ఎంతోసేపు పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"నాకు తెలివి సాల్దమ్మా. నా వల్లే ఆయన కాలు పోయింది" అంది పైడమ్మ.

"నీ వల్ల కాదు, నా వల్ల" అనవలసింది కనకవల్లి. మాట గొంతుదాకా వచ్చింది. వార్డంతా చూస్తోందని మింగేసింది. మంచి మనిషే, కానీ ఆ ఒక్క మాటకు ఆమె నోరు పెగల్లేదు. చెయ్యని తప్పును నెత్తిన వేసుకుని పైడమ్మ భర్తతో ఇంటికి వెళ్లింది.

నీతి: జాగ్రత్త చెప్పవలసింది త్వరగా తలూపేవాళ్లకు కాదు, రేపు ఆ బరువు మోసేవాళ్లకు. వాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పకపోతే, అసలు చెప్పనట్టే.